అటక మీది ఏడుపు

పదకొండో రోజు కర్మలో భానోజీరావు నవ్వాడు.

చిన్న నవ్వు కాదు. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున కర్మలు చేయించే షెడ్డు అది. ముందు విస్తరాకు, ఆకులో పిండం, పిండం మీద నువ్వులు. పోయిన ఆవిడ పేరు చెప్పమన్నాడు పురోహితుడు. భార్య పేరు చెప్పడానికి భానోజీ నోరు తెరిచాడు. నవ్వు వచ్చింది.

పురోహితుడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. పక్క షెడ్డులో ఇంకెవరి కర్మో జరుగుతోంది. వాళ్ళూ తిరిగి చూశారు. అందులో ఒకాయన గుర్తుపట్టాడు కూడా. "టీవీలో ప్రపంచ వార్తలు చెప్పేది ఇతనే కదా?" అని పక్కవాణ్ణి అడిగాడు.

"ఏటి బావా ఇది?" భార్య తమ్ముడు సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. "మా అప్ప పిండం ముందు కూకొని నవ్వుతావేటి? సిగ్గు నేదేటి నీకు?"

ఆగమన్నట్టు భానోజీ చెయ్యెత్తాడు. ఆగాల్సింది తనే. ఆగడం తన చేతిలో లేదు. నవ్వుతూనే కూతురి వైపు చూశాడు. మృదుల పశువుల డాక్టరు. ఒంట్లో ఎక్కడో నొప్పి ఉన్న గొడ్డును చూసినట్టు చూసింది. నొప్పి ఎక్కడో అంతుపట్టక ఊరుకున్నట్టు ఊరుకుంది.

నవ్వు దానంతట అదే ఆగింది. అప్పుడు చెప్పాడు, "హైమావతి" అని. గొంతులో వణుకు లేదు. అక్షరం అక్షరం విడివిడిగా, స్పష్టంగా, వార్తల్లో చెప్పినట్టు పలికాడు. నవ్వు కన్నా అదే అసహ్యంగా ఉంది అక్కడున్న వాళ్ళకు.

ఎందుకు నవ్వాడో భానోజీకి తెలియలేదు. లోపల సంతోషం లేదు. దుఃఖం ఉందా అని వెతుక్కున్నాడు, అదీ లేదు. ఎవరో బయటి మనిషి తన ఒంట్లో దూరి, నవ్వుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయినట్టుంది.

*

భానోజీరావుది పార్వతీపురం. తండ్రి సినిమాహాల్లో టికెట్లు చింపేవాడు. చదువు అంతంత మాత్రం. గొంతు మాత్రం పుట్టుకతో వచ్చింది. మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టువాడు ఎన్నికలొచ్చినా జాతరొచ్చినా ఇతన్నే రిక్షా ఎక్కించేవాడు. తప్పిపోయిన పిల్లల పేర్లు, నీళ్ళు రాని వీధుల పేర్లు, సర్కసు ఆటల వేళలు, అన్నీ ఒకే గొంతుతో చెప్పేవాడు. ఆ గొంతు పట్టుకుని రేడియోకి వెళ్ళాడు. అక్కణ్ణించి హైదరాబాదులో టీవీ. తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని ఢిల్లీ. చివరికి సింగపూరులో, ప్రపంచమంతా చూసే ఛానెల్. తెర మీద పేరు బాన్ రావ్. భానోజీ అని పలకడం వాళ్ళకు చేతకాలేదు. ఇతను సర్దుకుపోయాడు. అది మొదలు అన్నిటికీ సర్దుకుపోవడమే.

సింగపూరు వెళ్ళిన కొత్తలో ఏదో దీవిలో బడి పైకప్పు కూలిన వార్త చదివాడు. గుమ్మం బయట పిల్లలు విడిచిన చెప్పుల వరస చూపించారు. మృదుల అప్పుడు ఆ వయసు పిల్లే. భానోజీ ఇక చదవలేకపోయాడు. తలవంచుకుని కెమెరా ముందే ఏడ్చాడు. కంట్రోల్ రూములో వాళ్ళకు ఏం చెయ్యాలో తోచక ఆ ఏడుపును అలాగే చూపించారు. సాయంత్రానికి దేశదేశాల్లో అదే వార్త. కూలిన బడి పిల్లల సంగతి వెనక్కి పోయింది.

పై అధికారి పిలిచి మెత్తగా చెప్పాడు. "వార్త చెప్పేవాడు వార్త కాకూడదు. ఇంకోసారి జరిగితే ఇక్కడ మీకు పని ఉండదు."

ఆ సంగతి ఫోన్లో హైమకు చెప్పాడు. హైమ విశాఖపట్నంలో శాస్త్రవేత్త. భయం, దుఃఖం, సంతోషం మెదడులో ఏ దారిన నడుస్తాయో కనిపెట్టడం ఆమె పని. భర్త చెప్పిందంతా వింది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. లాబ్‌లో కూర్చుని చింతగింజంత వస్తువు తయారుచేసింది. అతని చెవి వెనక, ఎముక మీద, చర్మం కింద పెట్టించింది. వేలితో రెండుసార్లు నొక్కితే అది మేలుకుంటుంది. ఆ తర్వాత ఏడుపు వచ్చినా, నవ్వు వచ్చినా, కోపం వచ్చినా మనిషిని తాకదు. అందులోకి పోయి కూర్చుంటుంది. మూడుసార్లు నొక్కితే ఒక్కొక్కటే దిగుతుంది.

పరిశోధన పత్రంలో దానికి పొడుగాటి పేరేదో పెట్టింది. ఇంట్లో మాత్రం "అటక" అనేది.

"బొమ్మల కొలువు సామాను అటక మీద పెడతాం, పారెయ్యం కదా. ఇదీ అంతే. పగలు పెట్టింది సాయంత్రం దింపుకో. తలుపేసుకుని కాసేపు కూర్చుంటే చాలు. ఏ రోజుది ఆ రోజే," అంది.

"మర్చిపోతే?"

"మన ఇంట్లో అటక ఎప్పుడూ కూలలేదు. కూలితే ఏమవుతుందో నాకూ తెలీదు," అని నవ్వింది.

కొన్నాళ్ళు దింపుకున్నాడు. బులెటిన్ అయ్యాక మేకప్ గది తలుపేసుకుని, అద్దం ముందు ఏడ్చేవాడు, నవ్వేవాడు, ఎవరినో తిట్టేవాడు. తర్వాత అలసట. తర్వాత విసుగు. ఒకరోజు మానేశాడు, ఏమీ కాలేదు. ఇంకోరోజు మానేశాడు, అప్పుడూ ఏమీ కాలేదు. సెలవుల్లో ఇంటికి వస్తే గుమ్మంలోనే హైమ అడిగే మొదటి మాట "దింపుకుంటున్నావా?" అని. "ఆఁ" అనేవాడు. ఆమె నమ్మేది. లాబ్‌లో ఎలుకల మాట కూడా కొలిచి గాని నమ్మని మనిషి, మొగుడి మాట కొలవకుండా నమ్మింది.

ప్రపంచం అతన్ని నెత్తిన పెట్టుకుంది. ఎక్కడ యుద్ధం మొదలైనా, ఏ ఊరు నేలమట్టమైనా జనం బాన్ రావ్ ముఖమే చూసేవారు. అతను రెప్ప వెయ్యడు. అతనంత నిబ్బరంగా ఉంటే తమకూ ఏమీ కాదని వాళ్ళకు ధైర్యం. అతని ఎదుట కూర్చోవాలంటే మంత్రులు ముందురోజు నుంచే గుటకలు మింగేవారట. ఆ నిబ్బరం మీద పత్రికలు వ్యాసాలు రాశాయి. చెవి వెనక సంగతి ఛానెల్లో నలుగురైదుగురికే తెలుసు.

హైమ పోయింది కూడా బులెటిన్ మధ్యలోనే. లాబ్‌లో కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రికి చేరాక కాసేపే ఉంది. మృదుల వరండాలోంచి తండ్రికి ఫోన్ చేసింది. స్టూడియోలోకి ఫోన్లు తీసుకెళ్ళరు. ఛానెల్‌కి చేసింది. ప్రొడ్యూసర్ గ్రేస్ ఎత్తింది.

గ్రేస్ మంచి మనిషి. బులెటిన్ నడిపేది ఆవిడే. అతని చెవిలో ఎప్పుడు ఏం చెప్పాలో చెప్పేదీ ఆవిడే. చావు కబురు విని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత పక్కవాణ్ణి అడిగింది, "ఇప్పుడు ఆయన చెవి వెనకది పనిచేస్తోందా?" అని. చేస్తోందన్నాడు.

"అయితే ఇప్పుడే చెప్పేద్దాం. బయటికి వచ్చాక చెబితే కుప్పకూలిపోతాడు. ఇప్పుడైతే దెబ్బ తగలదు."

స్టూడియో మనుషులకే తట్టే దయ అది. మైకు నొక్కి చెప్పింది. "బాన్, మీ భార్య చనిపోయారు. చాలా బాధగా ఉంది. మంత్రితో మాట పూర్తి చెయ్యండి, తర్వాత గుమ్మడికాయ వార్త."

"చెప్పేశామమ్మా," అంది మృదులతో. మృదుల ఫోన్ పెట్టేసి, అదే ఫోన్లో ఛానెల్ పెట్టింది. తండ్రి కుర్చీ ఖాళీగా కనిపిస్తుందనుకుంది. తండ్రి కుర్చీలోనే ఉన్నాడు. ఎవరో రైతు పండించిన గుమ్మడికాయ గురించి చెబుతూ నవ్వుతున్నాడు.

*

కర్మ అయిన మర్నాడు మృదుల అతన్ని లాబ్‌కి తీసుకెళ్ళింది. హైమ కుర్చీ ఖాళీగా ఉంది. ఏసీ చలికి ఆమె కప్పుకునే శాలువా కుర్చీ వీపు మీద అలాగే వేలాడుతోంది. ఆమె దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన ఇస్మాయిల్, భానోజీ చెవి వెనక ఒక వైరు అంటించి మీటరు చూశాడు. మీటరు పాడయిందనుకుని ఇంకోటి తెచ్చాడు. అదీ అదే చెప్పింది.

"ఎన్నాళ్ళుగా దింపడం లేదు సార్?"

భానోజీ శాలువా వైపు చూశాడు.

"నిండిపోయి పొర్లుతోంది. నిన్న కర్మలో మీరు నవ్వింది ఈనాటి నవ్వు కాదు సార్. మీరు దింపడం మానేసిన మొదటి రోజుది. ముందు పెట్టింది ముందు వస్తుంది."

"అటకంటే చివర పెట్టింది కదా ముందు చేతికి రావాలి?" అంది మృదుల.

"వరస తప్పితే మనిషికి మతి పోతుందని మేడమ్ ఇలా కట్టారు."

"మరి అమ్మది?"

ఇస్మాయిల్ హైమ కుర్చీ వైపు చూసి తల దించుకున్నాడు. "చిట్టచివర."

"తీసేస్తే?" అన్నాడు భానోజీ.

"తీసెయ్యొచ్చు సార్. చిన్న కోత. లోపలున్నవన్నీ దాంతోపాటే పోతాయి. మేడమ్‌ది కూడా. ఒకసారి అందులోకి పోయింది మనిషిలో మళ్ళీ పుట్టదు. ఆవిడ లేరని మీకు తెలుస్తుంది, అంతే. ఎవరో చెబితే విన్నట్టు."

ఆ మధ్యాహ్నమే గ్రేస్ ఫోన్ చేసింది. "పాతది తీయించుకుని రండి బాన్. ఇక్కడ డాక్టర్లు కొత్తది తయారుచేసి ఉంచారు. మీ కుర్చీ మీకోసమే ఉంచాం. కాని ఎంతోకాలం ఉంచలేం." చివర్లో, "ఆ రోజు మీ మంచికే చెప్పాను," అంది.

భానోజీకి కోపం రావాలి. వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. "థాంక్స్," అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి మృదుల ఎదురుగా నిలబడి ఉంది.

"వెళ్తావా?"

"నువ్వేమంటావు?"

"నేననేది ఒకటే. అమ్మ కోసం ఒక్కసారి ఏడువు. అమ్మదే అయ్యుండాలి, ఇంకెవరిదో కాదు. నేను చూడాలి. ఆ తర్వాత సింగపూరు పో, చంద్రుడి మీదకు పో, నాకనవసరం. ఏడవకుండా తీయించుకున్నావా, నాకు అమ్మా లేదు నాన్నా లేడు."

"వరసలో చాలా ఉన్నాయి మృదులా."

"ఉండనీ. పెట్టింది నువ్వేగా."

*

హైమ కుర్చీ ఎదురుగా అతనికి కుర్చీ వేశారు. ఏది దేనిదో తెలియకపోతే, వచ్చింది అమ్మదో కాదో ఎలా తెలుస్తుందని మృదుల ఛానెల్ నుంచి పాత బులెటిన్లన్నీ తెప్పించింది. మీటరు చెప్పిన తేదీ చూసి ఇస్మాయిల్ ఆ రోజు బులెటిన్ తెర మీద నడిపేవాడు. ఆ తేదీన అటకెక్కింది కుర్చీలో ఉన్న మనిషిలోంచి దిగేది.

మొదటి బులెటిన్‌లోనే కర్మ నాటి నవ్వు దొరికింది. ఏదో దేశంలో ఒక మంత్రి ఆస్పత్రి ప్రారంభిస్తున్నాడు. కత్తెర తెగలేదు. రిబ్బను పళ్ళతో కొరికాడు. పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. రోజూ క్యారియర్‌తో అన్నం తెచ్చే మిషతో, బావ మీద నమ్మకం లేక చూడ్డానికి వచ్చే సన్యాసిరావు పకపకా నవ్వాడు. వెంటనే ముఖం మాడ్చుకున్నాడు.

"మా అప్ప పిండం కాడ ఈడి పళ్ళేటి బావా? అప్పుడే నవ్వేసి ఉంటే పీడా పోను కదా!"

భానోజీకి భయం వేసింది. ఇన్నేళ్ళ యుద్ధాలు, వరదలు, శవాలు దిగితే తను బతికి ఉంటాడా అని. ఆ భయం అనవసరం అని త్వరలోనే తెలిసింది. ఒక పెద్ద వరద వార్త వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఇస్మాయిల్ నీళ్ళ గ్లాసు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. మృదుల చూస్తోంది. భానోజీలో ఏమీ కదల్లేదు. తర్వాతి భూకంపానికీ అంతే. ఆ తర్వాతి యుద్ధానికీ అంతే. ఏడాది బులెటిన్లు కొద్ది రోజుల్లోనే అయిపోయాయి. ఏదో కొండ ఊళ్ళో ఒక ముసలాయన, తప్పిపోయిన గాడిద తిరిగొచ్చిందని దాని మెడ కౌగిలించుకున్న ముక్క ఒకటి వచ్చింది. దానికి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అంతమంది చచ్చిపోతే నీకేమీ అనిపించలేదా నాన్నా?"

"అనిపించిందనే అనుకున్నాను."

"అనుకుని అటక మీద పెట్టానన్నావు. ఏం పెట్టావు?"

 తను దాచుకున్నది కొండంత అనుకున్నాడు. తెరిచి చూస్తే ఖాళీ డబ్బాలే ఎక్కువ. గాడిద కోసం ఏడ్చిన మనిషి మంచివాడా, ఊళ్ళు మునిగితే ఏడవని మనిషి చెడ్డవాడా, ఇద్దరూ తనే అయితే తనెవరు? ఎంత ఆలోచించినా తెగలేదు.

యంత్రం కూడా తికమక పెట్టింది. ఒక బులెటిన్‌లో గని కూలింది. పైన గనివాళ్ళ పెళ్ళాలు నిలబడి ఉన్నారు. భానోజీ రాయిలా కూర్చున్నాడు. తర్వాత ఏదో జట్టు ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. జనం రంగులు చల్లుకుంటున్నారు. అక్కడ భోరుమన్నాడు. మృదుల ఇస్మాయిల్ వైపు చూసింది. అతను భుజాలు ఎగరేశాడు. "యంత్రం కదా అమ్మా," అన్నాడు.

లాబ్‌లో దిగేవి కొన్ని. పొర్లి బయట పడేవి కొన్ని. రైతుబజారులో వంకాయలు ఏరుతూ ఏడ్చాడు. అమ్మే ఆమె గాభరాపడి, "పుచ్చుల్లేవు బాబూ, పిల్లల మీద ఒట్టు!" అంది. అపార్ట్‌మెంట్ లిఫ్టులో చావింటి నుంచి వస్తున్న వాళ్ళ మధ్య ఇకిలించాడు. బ్యాంకులో ఎవరూ ఏమీ అనకుండానే బల్ల గుద్దాడు. పొద్దున లేవగానే గుండెలో గుబులు ఉండేది. ఆ గుబులు తనదా, ఏ దేశపు రాజధానిదా తెలిసేది కాదు. కాఫీ తాగితే హాయిగా ఉండేది. అది కాఫీదేనా అని అనుమానం. అడగడానికి హైమ లేదు.

ఒక సాయంత్రం మృదుల చేతికి కట్టుతో ఇంటికి వచ్చింది. ఇంజెక్షన్ ఇస్తుంటే కుక్క కరిచింది. భానోజీ కట్టు చూశాడు. చెయ్యి అందుకున్నాడు. కళ్ళ నుంచి ధారగా నీళ్ళు కారి కట్టు మీద పడ్డాయి. మృదుల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తల్లి పోయాక ఆ ఇంట్లో ఒకరినొకరు ముట్టుకోవడం అదే మొదలు.

"నొప్పి లేదులే," అంది. తర్వాత ఆగలేక, "నా కోసమేనా?" అని అడిగింది.

"తెలీదమ్మా."

మర్నాడు లాబ్‌లో తేదీ చూసి బులెటిన్ తిప్పారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం. దాని చుట్టూ నిలబడి నీళ్ళు పోస్తున్న మనుషులు. మృదుల చివరిదాకా చూసింది.

"పోనీలే, తిమింగలానికైనా ఏడ్చావు," అంది.

ఆ రోజు నుంచి అతని కళ్ళు చెమ్మగిల్లితే ఆమె పక్కగదిలోకి వెళ్ళిపోయేది.

గ్రేస్ మళ్ళీ ఫోన్ చేసింది. రెండు పెద్ద దేశాల మధ్య యుద్ధం మొదలయ్యేలా ఉంది. జనం భయపడుతున్నారు. "మీ ముఖం కావాలి బాన్. ఈ వారంలో రాకపోతే ఆ కుర్చీలో వేరొకరు కూర్చుంటారు. ఆ తర్వాత నేనేమీ చెయ్యలేను." ఇన్నేళ్ళ పేరు, ఇన్నేళ్ళ గొంతు, ఆ కుర్చీ తప్ప అతనికి ఇంకేమీ లేదు. కూతురితో చెప్పాడు.

"వెళ్ళు. నీ ముఖం పనికొచ్చేది వాళ్ళకేగా," అంది మృదుల. కుక్క కరిచిన చేత్తోనే కూర తరుగుతోంది.

అతని వేలు అలవాటుగా చెవి వెనక్కి వెళ్ళింది. రెండుసార్లు నొక్కితే చాలు, ఈ మాట గుచ్చుకోదు. దింపేటప్పుడు మళ్ళీ పెడితే అది శాశ్వతంగా బిగుసుకుపోతుందని ఇస్మాయిల్ మొదటిరోజే హెచ్చరించాడు. వేలు అక్కడే కాసేపు ఉంది. తీసేశాడు. ఫోన్ తీసి, రావడం లేదని గ్రేస్‌కి చెప్పాడు. ఆవిడ "మీ ఇష్టం" అంది. ఆ వారమే కుర్చీలో కొత్త మనిషి వచ్చాడు. అతనూ రెప్ప వెయ్యలేదు.

*

చివరి బులెటిన్ నాడు సన్యాసిరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. క్యారియర్ తేలేదు. మృదుల తల్లి శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మీటరు ముల్లు అడుగు గీత దగ్గర వణుకుతోంది. ఇస్మాయిల్ లోపల ఏదో దువా చదువుకుని బులెటిన్ నడిపాడు.

తెర మీద బాన్ రావ్, నీలం టై. నదీజలాల గురించి ఎవరో విదేశీ మంత్రిని నిలదీస్తున్నాడు. మంత్రి దొరికిపోయాడు. ఇంకో ప్రశ్న పడితే చాలు. ఆ ప్రశ్న మధ్యలో బాన్ రావ్ చూపు ఒక్క క్షణం నిలిచింది. అంతే, మళ్ళీ నడిచింది. కబురు చెవిలో పడింది అక్కడే.

కుర్చీలో భానోజీ బిగుసుకున్నాడు. అందరూ ముందుకు వంగారు.

భానోజీ అరచేత్తో కుర్చీ చేతిని కొట్టాడు. "ఛ! ఇప్పుడా చెప్పేది!" అన్నాడు.

ముఖంలో విసుగు. ముఖ్యమైన పనిలో ఉన్నవాణ్ణి పక్కనుంచి ఎవరో పిలిస్తే వచ్చే విసుగు. అది కూడా ఎక్కువసేపు లేదు. ముఖం మళ్ళీ మామూలైపోయింది.

"అంతేనా?" అంది మృదుల.

భానోజీ తన అరచేతిని చూసుకున్నాడు. "అదే వచ్చింది."

"అమ్మ చచ్చిపోయిందంటే నీకు విసుగొచ్చింది."

"మృదులా, నాకు తెలీదు..."

"నాకు తెలిసింది. చూస్తానన్నాను, చూశాను." శాలువా తల్లి కుర్చీ మీద పడేసి లేచింది. "ఇన్ని నెలలూ కూర్చుని చూసింది దీనికోసమా!"

సన్యాసిరావు బావ వైపు చూసి ఏదో అనబోయాడు. తిట్టు కూడా దొరకలేదు. "థూ," అని ఊరుకున్నాడు. మృదుల వరండాలోకి వెళ్ళిపోయింది.

బులెటిన్ ఆపాలని ఇస్మాయిల్‌కి తోచలేదు. తెర మీద మంత్రి పోయాడు, గుమ్మడికాయ వచ్చింది. ఎడ్లబండి అంత కాయ. దాన్ని తొలిచి పడవ చేశాడు రైతు. అందులో కూర్చుని తెడ్డేసుకుంటూ చెరువు దాటుతున్నాడు. చుట్టూ జనం చప్పట్లు. బాన్ రావ్ నవ్వాడు.

వరండాలో మృదుల ఒక చెప్పు తొడుక్కుంది. రెండో చెప్పులో కాలు పెట్టబోతుంటే లోపల్నుంచి అరుపు వినపడింది. దూడ అడ్డం తిరిగిన ఆవు అరుపు ఆమె విన్నది. విషం తిన్న కుక్క అరుపు విన్నది. ఇలాంటిది వినలేదు.

భానోజీ కుర్చీలోంచి జారి నేల మీద పడ్డాడు. చెవి వెనక వైరు సాగి వేలాడుతోంది. "అయిమా, అయిమా" అంటున్నాడు. పార్వతీపురంలో పెళ్ళిచూపులనాడు అతను అలాగే పలికితే హైమ నవ్విందట. ఆ తర్వాత ఆ పేరును సరిచేసుకుని, ఇన్నేళ్ళూ సరిగ్గానే పలికాడు.

సన్యాసిరావు తెరను చూశాడు, బావను చూశాడు. "ఇదేటి? గుమ్మడికాయకి ఏడుస్తన్నాడేటి?"

మృదుల గుమ్మంలో నిలబడిపోయింది. "ఇస్మాయిల్ గారూ, ఇది అమ్మదా? దానిదా?"

"ఆ గని ఏడుపు కూడా తర్వాతి వార్తలోనే..." అని మొదలుపెట్టి ఇస్మాయిల్ ఆగిపోయాడు. "నేను చెప్పలేనమ్మా. మేడమ్ ఉంటే చెప్పేవారు."

గుమ్మడికాయ అయిపోయింది. వాతావరణం వచ్చింది. ఒక నగరంలో ఎండ, ఒక నగరంలో జల్లులు. భానోజీ నేల మీద ముడుచుకుని ఏడుస్తూనే ఉన్నాడు. బాన్ రావ్ ప్రపంచానికి సెలవు చెప్పి కాగితాలు సర్దుకున్నాడు. సంగీతం వచ్చింది. తెర నల్లబడింది.

ఇస్మాయిల్ మీటరు చూశాడు. వేలితో తట్టి మళ్ళీ చూశాడు.

"ఖాళీ అయిపోయింది. లోపల ఇంకేమీ లేదు," అన్నాడు.

ఏడుపు ఆగలేదు.

మృదుల తొడుక్కున్న చెప్పు విప్పేసి లోపలికి వచ్చింది. తల్లి కుర్చీ మీది శాలువా తీసుకుంది. నేల మీద, తండ్రికి కాస్త ఎడంగా కూర్చుని, శాలువా ఒక కొస అతని వైపు జరిపింది.